తెరమీద, తెరవెనుక: భానుమతి చలనచిత్ర ప్రస్థానము

కొన్ని కంఠములు ముఖములకంటె ముందుగా మన యిండ్లలోనికి వచ్చినవి. సినిమాహాలు లేని పల్లెలలో సైతము, రేడియోపెట్టె యున్న యింటి అరుగుమీద ఇరుగుపొరుగువారు చేరి చిత్రగీతములు వినుట ఒక తరమువారి అలవాటు. పాడినవారెవరో ప్రకటింపకమునుపే, పల్లవిలోని రెండవ మాట ముగియకమునుపే, వినువారు గుర్తుపట్టిన కంఠములు కొన్ని కలవు. వానిలో మొదటి వరుసలోనిది భానుమతి కంఠము. కొంత జీర, కొంత ధీమా, మాటను నొక్కి పలుకుటలో ఒక విరుపు: ఇవన్నియు కలసి ఆ గొంతును మరియొక గొంతుతో పొరబడనీయలేదు.

ఆ కంఠమునకు యజమానురాలు ఆమెయే. ఈ మాటను మేము ఊరక వాడుటలేదు. తెరమీద పెదవులు కదల్చువారొకరు, తెరవెనుక పాడువారు వేరొకరు అను పద్ధతి మన చిత్రములలో స్థిరపడిన కాలమున ఆమె తన పాత్రలకు తన గొంతునే యిచ్చెను. అటుపిమ్మట కథ వ్రాసెను, దర్శకత్వము వహించెను, భర్తతో కలసి నిర్మాణసంస్థను, స్టూడియోను నెలకొల్పెను. నటిగా ప్రవేశించిన వ్యక్తి రచయిత్రిగా, దర్శకురాలిగా, నిర్మాతగా పరిణమించిన యీ చరిత్రము కేవలము ఒక వ్యక్తి విజయగాథ కాదు. తెరమీద కనిపించు స్త్రీ యెట్లుండవలెనో నిర్ణయించు అధికారము ఎవరిది అను ప్రశ్నకు మన చిత్రరంగమున తొలుదొల్త లభించిన సమాధానములలో ఇది యొకటి. ఆ దృష్టితోనే ఈ ప్రస్థానమును పరిశీలింతము.

భానుమతి చిత్రరంగ ప్రవేశమునాటి పరిస్థితిని మొదట గుర్తుచేసికొనవలెను. తెలుగు రంగస్థలముపై స్త్రీ పాత్రలను పురుషులే ధరించుట అంతకుముందు సామాన్యమైన ఆచారము. సత్యభామ యనగానే స్థానం నరసింహారావు గుర్తువచ్చుట ఆ సంప్రదాయమునకు పరాకాష్ఠ. కుటుంబములకు కుటుంబములే నాటకమును వృత్తిగా స్వీకరించిన సురభివారి సమాజములలో మాత్రము స్త్రీలు స్త్రీపాత్రలను ధరించుచుండిరి. 1932లో మొదటి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ వెలువడినపుడు లీలావతిగా కనిపించిన సురభి కమలాబాయి ఆ కుటుంబములనుండి వచ్చినదే. టాకీల సంఖ్య పెరిగినకొలది, పాడగలిగి, స్పష్టముగా మాటలాడగలిగిన బాలికలకొరకు నిర్మాతలు వెదకసాగిరి. కాని గృహస్థులు తమ ఆడపిల్లలను కెమెరా యెదుటికి పంపుటకు జంకుచుండిరి. సంగీతము నేర్పించుట గౌరవము. ఆ సంగీతమును తెరమీద వినిపించుట అపకీర్తి. ఇది నాటి మధ్యతరగతి ధర్మసంకటము.

భానుమతి 1925 సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి దొడ్డవరము గ్రామమున జన్మించెను. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతప్రియుడు, గాయకుడు. కుమార్తెకు చిన్ననాడే సంగీతము అబ్బినది ఆయన వలననే. ఆ సంగీతమే ఆమెను చిత్రరంగమునకు చేర్చెను. 1939లో చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వమున, కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున ‘వరవిక్రయము’ చిత్రము తయారైనది. కాళ్ళకూరి నారాయణరావు వరకట్నమును ఖండించుచు వ్రాసిన సుప్రసిద్ధ నాటకమే దానికి మూలము. అందు కాళింది పాత్ర పదునాలుగేండ్ల భానుమతికి లభించెను.

ఆ పాత్ర యెట్టిదో ఒకింత ఆలోచింపవలెను. తన పెండ్లికై తండ్రి అప్పుల పాలగుట సహింపలేక, కట్నమిచ్చి కొనితెచ్చు వరుని అంగీకరింపలేక, కాళింది నూతిలో పడి ప్రాణము విడుచును. నాటకమున ఆమె చెల్లెలు కమల ఆ పగ తీర్చుకొనును: ధనమిచ్చి భర్తను కొంటిని గావున అతడే నా సొమ్మని వాదించును. మొదటి చిత్రములో భానుమతికి వచ్చినది ఎదిరించి గెలిచిన చెల్లెలి పాత్ర కాదు, ఎదిరింపలేక మరణించిన అక్క పాత్ర. కథలలో స్త్రీ తన అభిప్రాయమును నిలుపుకొనుటకు ప్రాణమిచ్చుట యొక్కటే మార్గమైన కాలమది. తరువాతి కాలమున ఆమె ధరించిన పాత్రలను, వ్రాసిన కథలను ఈ కాళింది ప్రక్కన నుంచి చూచినచో ఎంత దూరము నడచినదో మనకు తెలియును.

కుమార్తెను చిత్రములకు పంపుటకు వెంకటసుబ్బయ్య ఒక నియమము పెట్టెననుట ప్రసిద్ధము: నాయకపాత్రధారి ఆమెను తాకరాదు, ఆలింగన దృశ్యములు ఉండరాదు. నేటివారికి ఇది చాదస్తముగా తోచవచ్చును. కాని ఒక నటి తెరమీద ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అనునది ఒప్పందపు విషయము కాగలదని ఆ నియమము నిరూపించెను. ఆనాడు ఆ మాట తండ్రి నోట వెలువడినది. అనంతరకాలమున అట్టి మాట ఆమె నోటనే వెలువడుట ఆరంభించినపుడు, అదియే గర్వమను పేరును తెచ్చిపెట్టెను.

‘మాలతీమాధవము’, ‘ధర్మపత్ని’, ‘భక్తిమాల’ మొదలైన చిత్రముల పిదప 1943లో ‘కృష్ణప్రేమ’ వచ్చినది. ఆ చిత్రమునకు సహాయదర్శకుడుగా నుండిన పాలువాయి రామకృష్ణారావుతో పరిచయమై, అదే సంవత్సరము ఆగస్టు 8వ తేదీన వారి వివాహము జరిగెను. సహాయదర్శకుని సంపాదన ఆ దినములలో స్వల్పము. నటిగా ఆమె పేరు అప్పటికే వ్యాపించినది. అయినను, వివాహముతో నటన మాని గృహిణిగా నుండవలెనని ఆమె నిశ్చయించుకొనెను. నాటి నటీమణుల చరిత్రములు పెక్కు ఇచ్చటనే ముగిసినవి.

ఈమె చరిత్రము ముగియకుండుటకు కారణము వాహినీవారి ‘స్వర్గసీమ’. దర్శకుడు బి.యన్. రెడ్డి తన చిత్రములోని నాట్యకత్తె పాత్రకు భానుమతియే తగినదని పట్టుబట్టి, దంపతులను ఒప్పించెను. 1945లో విడుదలైన ఆ చిత్రమున వీథులలో ఆడిపాడు సుబ్బి క్రమముగా నగరములోని నాటకరంగమున సుజాతాదేవియై, చిత్తూరు నాగయ్య ధరించిన పాత్రను తన ఆకర్షణలో బంధించి, సంసారమునుండి దూరము చేయును. కథానియమము ననుసరించి ప్రేక్షకుల సానుభూతి ఇల్లాలికి చెందవలెను, చెందినది కూడ. కాని జ్ఞాపకమున నిలచినది సుజాత. అంతవరకు తెలుగుతెర ఎరుగని ఒక లాస్యము, ఒక నిర్లక్ష్యము ఆ నటనలో కానవచ్చెను. పావురమును గూర్చి ఆమె పాడిన పాట ఆంధ్రదేశమంతట మారుమ్రోగెను. ఘంటసాల వేంకటేశ్వరరావు కంఠము చలనచిత్రమున తొలిసారి వినిపించినది ఈ చిత్రములోనే యనునది సంగీతాభిమానులకు మరియొక ముఖ్యవిషయము.

ఈ విజయము తరువాత ఆమె యెదుట రెండు మార్గములు ఉండెను. పెద్ద సంస్థలలో నటీనటులను నెలజీతములపై నియమించు ఆచారము ఆ దినములలో కలదు. జీతము పుచ్చుకొని, యజమాని యిచ్చిన పాత్రను ధరించి, పేరుప్రతిష్ఠలతో సుఖముగా నుండుట ఒక మార్గము. స్వయముగా సంస్థను స్థాపించి, లాభనష్టములను నెత్తిన వేసికొనుట రెండవది. భానుమతీ రామకృష్ణులు రెండవదానిని ఎన్నుకొనిరి. కుమారుడు భరణి పేరిట ‘భరణీ పిక్చర్సు’ వెలసెను. 1948లో ఆ సంస్థ తొలిచిత్రము ‘రత్నమాల’, 1949లో ‘లైలామజ్ను’ విడుదలైనవి. రెంటికిని రామకృష్ణ దర్శకుడు. లైలాగా భానుమతి, మజ్నుగా అక్కినేని నాగేశ్వరరావు నటించిన ఆ విషాదప్రేమగాథ, సి.ఆర్. సుబ్బరామన్ సంగీతముతో, సంస్థను నిలబెట్టెను. మదరాసు శివారున సాలిగ్రామమునందు భరణీ స్టూడియో నిర్మాణమై, ఇతర నిర్మాతలకు కూడ ఆశ్రయమైనది.

స్టూడియో యున్నచో కలుగు లాభమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. చిత్రనిర్మాణమున మిక్కిలి ఖరీదైన వస్తువు కాలము. అద్దెకు తీసికొనిన అంతస్తులో సెట్టు వేసిన క్షణమునుండి గంటలు లెక్కకు వచ్చును. దర్శకునకు తృప్తి కలుగకున్నను, నటునకు జ్వరము వచ్చినను అద్దె ఆగదు. సొంత స్టూడియో కలవారు దృశ్యమును మరల తీయగలరు. పాటను మరల అభ్యసింపగలరు. సంగీతమున పట్టుదల గల భానుమతికి ఈ సదుపాయము భోగము కాదు, అవసరము.

ఇంతవరకు ఆమె నటి, గాయని, నిర్మాత. ఇక కలము సంగతి. ఆమె చిత్రములకు కథ వ్రాయుట ఆకస్మికము కాదు. నటిగా నున్నప్పుడే కథలు వ్రాసి పత్రికలకు పంపుచుండెను. ఆ కథలలో ‘అత్తగారి కథలు’ తెలుగు హాస్యసాహిత్యమున శాశ్వతస్థానమును సంపాదించి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారమును పొందినవి. వానిలోని విశేషమును ఇచ్చట చెప్పక తప్పదు. మన కథలలో, నాటకములలో, చిత్రములలో అత్తగారన్నచో కోడలిని రాచిరంపాన పెట్టు గయ్యాళి. భానుమతి అత్తగారు అట్టిది కాదు. మడి, ఆచారము, పంతము, అమాయకత్వము, తనకు తెలియని లోకముపట్ల అనంతమైన కుతూహలము, వీని కలయిక ఆ పాత్ర. కథ చెప్పునది కోడలు. ఆమె అత్తగారిని చూచి నవ్వును. కాని ఆ నవ్వులో ద్వేషము లేదు. ఆవకాయ పెట్టుట వంటి ఇంటిపనియే ఒక మహాయజ్ఞమై, అందలి ప్రతి చిన్న చిక్కును హాస్యమున కాస్పదమగును.

ఒక మూసపాత్రను తీసికొని, దానిలో మనిషిని చూపుట రచయిత ప్రజ్ఞకు గీటురాయి. ఇంటిలోని మనుష్యులను దగ్గరగా గమనించి, వారి మాటతీరును చెవితో పట్టుకొనగలిగిన కథకురాలు తెర కొరకు కథ వ్రాయగలుగుట వింత కాదు. అయితే పత్రికలో కథ అచ్చగుటకు సంపాదకుని ఒప్పించిన చాలును. తెరమీద కథ చెప్పుటకు పెట్టుబడి పెట్టువారిని, పంపిణీదారులను, కెమెరా వెనుక నున్న పదుల సంఖ్యలోని పనివారిని ఒప్పింపవలెను. ఆమె ఆ పనికి పూనుకొనినది ‘చండీరాణి’తో.

1953లో విడుదలైన ‘చండీరాణి’కి కథారచన భానుమతిది, దర్శకత్వము ఆమెదే, కవల సోదరీమణుల రెండు పాత్రలను ధరించినదియు ఆమెయే. నందమూరి తారకరామారావు నాయకుడు. తెలుగు, తమిళము, హిందీ అను మూడు భాషలలో ఆ చిత్రము వెలువడెను. తెలుగు చిత్రమునకు దర్శకత్వము వహించిన తొలి మహిళగా చరిత్రకారులు ఆమెను పేర్కొనుటకు ఆధారము ఇదియే. భారతదేశమున ఆమెకు పూర్వులు లేకపోలేదు: మూకీల కాలమున, 1926లో, బొంబాయియందు ఫాత్మాబేగం, 1936లో తమిళమున టి.పి. రాజలక్ష్మి చిత్రములకు దర్శకత్వము వహించియుండిరి. తెలుగున మాత్రము ఆ ద్వారమును తెరచినది భానుమతి.

ఆ కార్యభారము ఎంతటిదో ఊహింపవలెనన్నచో ఆనాటి పనితీరు కొంత తెలియవలెను. బహుభాషా చిత్రములను తీయునపుడు, ఒకే సెట్టులో, ఒకే దీపముల వెలుగున, ఒక భాషలో దృశ్యము ముగియగానే అదియే మరియొక భాషలో తీయుట వాడుక. భాష మారినపుడు పెదవుల కదలిక మారును, వాక్యము నిడివి మారును, దానితో నడక, చూపు మారును. ఇక ద్విపాత్రాభినయము మరియొక చిక్కు. యంత్రగణనముల సాయము లేని ఆ కాలమున, కెమెరాను కదలకుండ బిగించి, కటకములో సగమును మూసి ఒక పాత్రను చిత్రించి, ఫిలుమును వెనుకకు త్రిప్పి, రెండవ సగమును తెరచి రెండవ పాత్రను చిత్రించుట పద్ధతి. మొదటిసారి ఏ క్షణమున ఎటు చూచినదో, ఏ మాటకు ఎంత విరామ మిచ్చినదో నటికి గుర్తుండవలెను. దర్శకురాలు తానే యైనపుడు, కెమెరా యెదుట నిలచి, కెమెరా వెనుకనుండి చూచినట్లుగా తన్ను తాను చూచుకొనవలెను. దీనికి తోడు సంగీతదర్శకుడు సుబ్బరామన్ 1952లో అకాలమరణము చెందెను. మిగిలిన సంగీతమును యువకుడైన ఎం.యస్. విశ్వనాథన్ పూర్తిచేసెను. ఇన్ని అవాంతరములను దాటి ఆ చిత్రము తెరకెక్కెను.

ఆ కథ అపూర్వమైనదని మేము అనము. రాజ్యము, కుట్ర, విడిపోయిన కవలలు, తుదకు న్యాయము గెలుచుట: ఇవన్నియు జానపదచిత్రములకు పరిచితములైన సామగ్రియే. అంతకు కొలదికాలము ముందు జెమినీవారు తమిళమున ‘అపూర్వ సహోదరర్గళ్’, తెలుగున ‘అపూర్వ సహోదరులు’, హిందీలో ‘నిశాన్’ అను పేర్లతో ఒక కవలల కథను నిర్మించిరి. మూడింటిలోను భానుమతియే కథానాయిక. అందు కవలలు పురుషులు. కత్తి పట్టువారు వారు. ఆమె వారి ప్రేమకు పాత్రమైన యువతి. ‘చండీరాణి’లో ఆమె స్వయముగా కథ వ్రాసినపుడు కవలలు స్త్రీలైరి; ఒకతె సౌమ్యురాలు, రెండవది కత్తి పట్టిన సాహసి. పాత సామగ్రియే, కాని కథకు మధ్యస్తంభముగా ఎవరు నిలువవలెనో నిర్ణయించిన చేయి మారెను. ఒక నటి కలము పట్టుటవలన తెరమీద కలుగు మార్పునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు.

ఆ తరువాతి సంవత్సరము భరణీవారి రెండు చిత్రములు వచ్చినవి. ‘చక్రపాణి’ హాస్యచిత్రము, మునిమనుమని కొరకు తహతహలాడు పిసినారి తాత కథ. దానికి సంగీతదర్శకత్వము కూడ భానుమతిదే. ‘విప్రనారాయణ’ భక్తికథ. శ్రీరంగనాథుని సేవకు అంకితమైన విప్రనారాయణుని వలలో వేసికొనుటకు పంతము పట్టి, తుదకు తానే మారిన దేవదేవి పాత్ర ఆమెది. సాలూరి రాజేశ్వరరావు స్వరరచన, అక్కినేని నటన, రామకృష్ణ దర్శకత్వము కలసి ఆ చిత్రమునకు జాతీయ పురస్కారములలో యోగ్యతాపత్రమును ఆర్జించినవి. సుజాతాదేవికిని దేవదేవికిని మధ్య తొమ్మిదేండ్ల యెడము. మొదటిది పురుషుని పతనమునకు హేతువు మాత్రమే. రెండవది తన పతనమును, తన ఉద్ధరణమును తానే అనుభవించు మనిషి. ఈ వ్యత్యాసమును సొంత సంస్థ యిచ్చిన స్వాతంత్ర్యఫలముగా మేము భావించుచున్నాము.

స్వాతంత్ర్యమునకు మూల్యము కూడ కలదు. విజయావారి ‘మిస్సమ్మ’కు మొదట ఎన్నుకొనిన కథానాయిక భానుమతియే. కొంతభాగము చిత్రించిన పిదప నిర్మాత చక్రపాణితో భేదాభిప్రాయము తలయెత్తెను. ఆమె తగ్గలేదు, ఆయనయు తగ్గలేదు. తీసిన భాగమును విడిచి, ఆ పాత్రను సావిత్రికి ఇచ్చిరి. 1955లో విడుదలైన ఆ చిత్రము సావిత్రిని అగ్రశ్రేణికి చేర్చినది. ఎవరిది న్యాయమని తీర్పు చెప్పుట మా పని కాదు. కాని ఒకటి గమనింపదగినది. పరులపై సర్వవిధముల ఆధారపడిన నటికి అట్టి పాత్ర చేజారుట జీవితమే చేజారుటతో సమానము. భానుమతికి అట్లు కాలేదు. తన సంస్థ కలదు; తన కంఠము కలదు; తన కలము కలదు. మాటమీద నిలువగల ధైర్యమునకు వెనుక నిలువ నీడ కూడ నుండవలెను.

ఇతర సంస్థల చిత్రములలో ఆమె సాధించినది తక్కువ కాదు. 1951లో బి.యన్. రెడ్డి దర్శకత్వమున వచ్చిన ‘మల్లీశ్వరి’ తెలుగువారి హృదయములలో నేటికిని వాడని పూవు. అది చైనాదేశమున కూడ ప్రదర్శితమైనది. తమిళమున ‘మలైక్కళ్ళన్’, ‘రంగూన్ రాధా’, ‘అన్నై’ వంటి చిత్రములు ఆమెను ఆ ప్రాంతమువారికి సొంత నటిగా చేసినవి. ఆమెను నటనకు వ్యాకరణమువంటిదని సి.యన్. అన్నాదురై కొనియాడిన మాట తమిళనాట ప్రసిద్ధము. 1966లో వచ్చిన ‘పల్నాటి యుద్ధము’న ఆమె నాయకురాలు నాగమ్మ. బ్రహ్మనాయుడుగా తారకరామారావు ఎదుట నిలచినపుడు, ఆ రాజనీతి, ఆ పట్టుదల అరువు తెచ్చుకొనిన వేషమువలె కనిపింపదు.

దర్శకురాలిగా ఆమె పేరు తెలుగు తెరపై మరల కనిపించినది 1967లో, ‘గృహలక్ష్మి’ చిత్రమున. ‘చండీరాణి’కిని దీనికిని మధ్య పదునాలుగేండ్లు గడచినవి. ఆ కాలమున భరణీవారి చిత్రములు ఆగలేదు. శరత్‌చంద్రుని ‘బడదీదీ’ నవల ఆధారముగా 1961లో వచ్చిన ‘బాటసారి’, 1964లోని ‘వివాహబంధము’ రామకృష్ణ దర్శకత్వమున వెలువడినవి. నటిగా, గాయనిగా, గృహిణిగా, కథకురాలిగా, స్టూడియో యజమానురాలిగా బరువులు మోయుచు, భర్త దర్శకత్వమున పనిచేయుచు ఆమె గడపిన ఆ పదునాలుగేండ్లను విరామమని అనుట సరికాదు. కాని చరిత్ర వ్రాయువారు దీనిని గుర్తింపవలెను: మొదటి చిత్రము తీసిన దర్శకుడు పురుషుడైనచో, రెండవ చిత్రమునకు ఇంత యెడము అరుదు.

అటుపిమ్మట ఆ వేగము హెచ్చెను. 1972లో ‘అంతా మన మంచికే’, 1974లో ‘అమ్మాయి పెండ్లి’, 1977లో ‘మనవడి కోసము’, 1980లో ‘రచయిత్రి’ ఆమె దర్శకత్వమున వచ్చినవి. 1982లో బాలబాలికలనే పాత్రధారులుగా నిలిపి ‘భక్త ధ్రువ మార్కండేయ’ను తీసెను. పిల్లలచేత పద్యము చెప్పించుట, దీర్ఘసంభాషణలు పలికించుట సామాన్యమైన పని కాదు. పదునాలుగేండ్ల ప్రాయమున కెమెరా యెదుట నిలచిన బాలిక, యేబది యేండ్లు దాటిన పిమ్మట పిల్లలకు నటన నేర్పుచు కెమెరా వెనుక నిలచుట ఆ ప్రస్థానమునకు తగిన ఘట్టము.

ఈ చిత్రము లన్నియు సమానమైన విలువ గలవని మేము చెప్పము. ‘మల్లీశ్వరి’ స్థాయికి చేరిన చిత్రమును ఆమె దర్శకత్వమున మనము చూడలేదు. కుటుంబకథల చట్రమును ఆమె పెద్దగా దాటలేదు. నాటకఫక్కి సంభాషణలు అక్కడక్కడ నిడివి హెచ్చినవి. కాని ఆ కథలలో వయసు మళ్ళిన స్త్రీకి కూడ కేంద్రస్థానము దొరికినది. నడివయసు దాటిన నటికి ఏడ్చు తల్లి వేషము తప్ప వేరు గతి లేని రంగమున, తీర్పు చెప్పు పెద్దదిక్కుగా, నవ్వించి నడిపించు పెత్తనముగల ఇల్లాలిగా ఆమె తన్ను తాను నిలుపుకొనెను. 1984లో కోడి రామకృష్ణ దర్శకత్వమున వచ్చిన ‘మంగమ్మగారి మనవడు’ చిత్రపు పేరులోనే నాయకుని కంటె ముందు నాయనమ్మ నిలచియున్నది. ఆ చోటు అంతకుమునుపే ఆమె చదును చేసికొనినది.

ప్రభుత్వమును సమాజమును ఆమెను గౌరవించినవి. 1966లో పద్మశ్రీ, 1985లో రఘుపతి వెంకయ్య పురస్కారము, 2001లో పద్మభూషణము లభించినవి. మదరాసులోని తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆమె ఆచార్యపీఠము నధిష్ఠించి కొంతకాలము నడిపెను. 1986లో రామకృష్ణ కీర్తిశేషుడయ్యెను. ‘నాలో నేను’ అను పేర తన కథను తానే వ్రాసికొనిన ఆమె 2005 డిసెంబరు 24వ తేదీన చెన్నపట్టణమున తనువు చాలించెను.

ఆమె నడచిన త్రోవ వెంటనే రాజమార్గము కాలేదు. 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు దర్శకత్వము వహించినది. అనంతరము విజయనిర్మల నలువదికి పైగా చిత్రములకు దర్శకత్వము వహించి, 2002లో గిన్నిసు గ్రంథమున స్థానము పొందినది. ముగ్గురును మొదట నటీమణులే యగుట గమనింపదగినది. దర్శకత్వశాఖలో సహాయకులుగా చేరి పని నేర్చు మార్గము ఆ కాలపు స్త్రీలకు దాదాపు మూతపడియుండుటచే, నటన యొక్కటియే లోపలికి పోవు వాకిలియైనది. ఆ వాకిట ఆగిపోక లోపలి గదులన్నింటిని తన చేతులతో తెరచి చూచిన తొలి వ్యక్తి భానుమతి.

‘వరవిక్రయము’లోని కాళింది తన మాట చెల్లక నూతిని ఆశ్రయించెను. ఆ పాత్రను ధరించిన బాలిక మాత్రము పెరిగి పెద్దదై, తన మాట చెల్లుటకు తగిన ఇంటిని తానే కట్టుకొనెను. పాత చిత్రములను చూచు అవకాశము కలిగినపుడు మన పాఠకులు ఒక చిన్న పని చేయవలెనని కోరుచున్నాము. కథ మొదలగుటకు ముందు తెరపై సాగిపోవు పేర్లను ఓపికతో చదువుడు. నటీనటుల పట్టికలో ఆమె పేరు కనిపించిన పిదప దృష్టి మరల్పకుడు. కథ, సంగీతము, దర్శకత్వము అను మాటల క్రింద అదే పేరు మరల మరల కనిపించునేమో చూడుడు. అట్లు కనిపించిన ప్రతి పర్యాయము అచ్చట ఒక తలుపు తెరచుకొనినదని గ్రహింపవలెను.